ఎత్తు చెప్పే వాచ్, దారి చెప్పే మ్యాపు



అడ్వెంచర్ క్యాంపు సర్క్యులర్ మీకు అందినప్పటి నుంచి పేరెంట్ టీచర్ మీటింగుల్లో నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఎత్తు చూపించే వాచ్ కొనమని మావాడు ప్రాణం తీస్తున్నాడు. నిజంగా పనికొస్తుందా, ఉత్త ఫ్యాషనేనా?" పిల్లలకు మ్యాపుల పాఠం చెప్పేదీ నేనే, సెలవులు దొరికితే కొండలెక్కేదీ నేనే కాబట్టి ఈ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తోంది. వెనక క్యూలో ఇంకో పదిమంది నిలబడి ఉండగా రెండు నిమిషాల్లో చెప్పి పంపించేది కాదిది. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. పనికొస్తుంది. అయితే వాచ్ ఒక్కటే ఉంటే సగమే పనికొస్తుంది. పక్కన ఒక మ్యాపు ఉండాలి. ఆ రెండింటినీ కలిపి చదవడం మీ అబ్బాయికో అమ్మాయికో వచ్చి ఉండాలి. ఈ మూడోది షాపులో దొరకదు. కానీ ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా నేర్పవచ్చు. ఎలాగో చెబుతాను.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతూ పైకి వెళ్తుంటే చెవులు మూసుకుపోయినట్టు ఉండటం మీకందరికీ అనుభవమే. విశాఖలో కొన్న చిప్స్ ప్యాకెట్టు అరకు చేరేసరికి బూరెలా ఉబ్బడం కూడా చూసే ఉంటారు. రెండింటికీ కారణం ఒకటే. పైకి వెళ్ళేకొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుంది, దాని ఒత్తిడీ తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం సగటున 1013 హెక్టోపాస్కల్స్. అక్కడి నుంచి దాదాపు ప్రతి 8 మీటర్లు ఎక్కినప్పుడల్లా ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఆల్టిమీటర్ వాచ్ లోపల ఉండే చిన్న బారోమీటర్ ఈ తగ్గుదలను పసిగడుతుంది. అంటే వాచ్ నిజానికి ఎత్తును కొలవడం లేదు. గాలి ఒత్తిడిని కొలిచి, దాన్నిబట్టి ఎత్తును లెక్కగట్టి చెబుతోంది.

ఈ ఒక్క వాక్యం పిల్లలకు అర్థమైతే మిగతాదంతా వాళ్ళే చెప్పేస్తారు. తొమ్మిదో తరగతిలో నేను అంతవరకే చెప్పి ఆగాను. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, తుపానొచ్చినప్పుడు కూడా గాలి ఒత్తిడి తగ్గుతుంది కదా. అప్పుడు వాచ్ ఏం చేస్తుంది?" ఆ రోజు నాకు జీతం ఆ ప్రశ్నలోనే వచ్చేసింది.

అవును, అప్పుడు వాచ్ పొరబడుతుంది. బంగాళాఖాతంలో తుపాను తీరానికి దగ్గరై విశాఖలో పీడనం 10 హెక్టోపాస్కల్స్ పడిపోయిందనుకోండి. టేబుల్ మీద కదలకుండా ఉన్న వాచ్, మీ ఇల్లు 80 మీటర్లు పైకి లేచిందని చెబుతుంది. వాచ్ పాడైపోలేదు. వాతావరణం మారిన సంగతి దానికి తెలియదు, అంతే. కాబట్టి కచ్చితమైన ఎత్తు తెలిసిన చోటికి చేరినప్పుడల్లా దాన్ని సరిచేస్తూ ఉండాలి.

కచ్చితమైన ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? మనం రోజూ చూసీ చదవని చోట ఉంది. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద, ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో ఆ స్టేషన్ సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైనులో ప్రయాణిస్తే శిమిలిగుడ దాకా ఈ అంకెలు పెరుగుతూ పోతాయి. అరకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సముద్రం పక్కన రైలెక్కిన వాళ్ళు కొన్ని గంటల్లో దాదాపు కిలోమీటరు ఎత్తు ఎక్కేస్తారన్నమాట. విశాఖ బ్రాంచి తల్లిదండ్రులారా, ఈసారి అరకు వెళ్ళేటప్పుడు పిల్లల చేతికి ఫోన్‌కి బదులు ఒక నోట్‌బుక్ ఇచ్చి ప్రతి బోర్డూ రాయించండి. వాచ్ ఉంటే దాని అంకె కూడా పక్కనే రాయించండి.

"ఫోన్‌లో జీపీఎస్ ఉందిగా మేడమ్" అంటారని నాకు తెలుసు. ఉంది, వాడాలి కూడా. నేనూ వాడతాను. కానీ జీపీఎస్ మనం ఎక్కడున్నామో బాగానే చెబుతుంది గానీ, ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పడంలో దానికి తేడా ఎక్కువ వస్తుంది. ఇరుకు లోయల్లో, దట్టమైన అడవిలో సిగ్నల్ సరిగా అందదు. మంచు ప్రాంతంలో చలికి ఫోన్ బ్యాటరీ మన కళ్ళ ముందే కరిగిపోతుంది. ఇంకో విషయం. స్మార్ట్ వాచ్ అని పేరున్న ప్రతిదానిలోనూ బారోమీటర్ ఉండదు. కొనేముందు బాక్సు మీద బారోమెట్రిక్ ఆల్టిమీటర్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది చూపించే ఎత్తు కూడా జీపీఎస్ ఎత్తే.

ఇక మ్యాపు. కొండల మ్యాపులో గోధుమ రంగు వంకర గీతలుంటాయి. వాటిని కాంటూరు రేఖలంటాం. ఒక గీత మీద ఉన్న చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఇది నోటితో చెబితే పిల్లల తలకెక్కదు. బకెట్‌లో ఒక పెద్ద రాయి పెట్టండి. రెండు సెంటీమీటర్ల నీళ్ళు పోసి, నీటి అంచు రాయిని తాకిన చోట చుట్టూ పెన్సిల్ గీయించండి. మళ్ళీ రెండు సెంటీమీటర్లు, మళ్ళీ గీత. నీళ్ళు పారబోసి రాయిని నిటారుగా పైనుంచి చూడమనండి. కాంటూరు మ్యాపు కనబడుతుంది. రాయి నిటారుగా ఉన్న వైపు గీతలు దగ్గర దగ్గరగా, వాలుగా ఉన్న వైపు దూరం దూరంగా ఉంటాయి. దగ్గరగా ఉంటే మోకాళ్ళ మీద చేతులేసుకుని ఎక్కాలి, దూరంగా ఉంటే కబుర్లు చెప్పుకుంటూ నడవొచ్చు.

1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా మన దేశమంతటికీ ఇలాంటి మ్యాపులు తయారుచేసింది. 1:50,000 స్కేలు షీటులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. సాధారణంగా గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. ఒకప్పుడు ఆఫీసుకు వెళ్ళి కొనుక్కోవాల్సిన ఈ షీట్లలో చాలావాటిని ఆ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. మీ సొంతూరు ఉన్న షీటు ప్రింటు తీయించి గోడకి అంటించండి. మన చెరువు, మన గుట్ట, అమ్మమ్మ వాళ్ళ ఊరి బాట అందులో కనబడగానే పిల్లల మొహాలు చూడండి.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి నా అనుభవం ఒకటి రాస్తాను.

రెండేళ్ళ కిందట డిసెంబరు సెలవుల్లో, నాతో బీఈడీ చదివిన స్నేహితురాలితో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా ట్రెక్‌కి వెళ్ళాను. సాంక్రీ అనే ఊరి నుంచి నడక మొదలవుతుంది. ఆ ఊరు సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి మజిలీ జూడా కా తాలాబ్ అనే చిన్న సరస్సు, సుమారు 2,770 మీటర్లు. శిఖరం సుమారు 3,810. సరస్సు దాకా దారంతా అడవే. ఎటు చూసినా చెట్లే తప్ప ఎంత దూరం వచ్చామో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. అక్కడ వాచ్, మ్యాపు కలిసి పనిచేశాయి. మేమున్నది ఆ కాలిబాట మీదే అని తెలుసు. మ్యాపులో ఆ బాట ఒక గీత. వాచ్‌లో ఎత్తు 2,400. మ్యాపులో ఆ బాట 2,400 కాంటూరును దాటే చోటు ఒక్కటే ఉంది. మేము అక్కడే ఉన్నాం. బాట అయినా, వాగు అయినా, కొండ వెన్నెముక అయినా, మనం ఏదో ఒక గీత మీద ఉన్నామని తెలిస్తే చాలు, ఎత్తు మనల్ని ఒక చుక్క దగ్గరికి తీసుకెళ్తుంది. చదునైన నేల మీద మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ ఎత్తు మారదు కదా.

రెండో రాత్రి బేస్ క్యాంపులో పడుకునే ముందు, గైడ్ చెప్పిన ఎత్తును బట్టి వాచ్‌ను 3,430కి సెట్ చేశాను. రాత్రి రెండింటికి లేచి చూస్తే 3,455 చూపిస్తోంది. నేను టెంటులో నిద్రపోతూ 25 మీటర్లు ఎక్కలేదు కదా. గాలి ఒత్తిడి తగ్గింది. ఆ ఎత్తులో గాలి పల్చన కాబట్టి ఒక హెక్టోపాస్కల్‌కి 8 కాదు, దాదాపు 12 మీటర్ల తేడా వస్తుంది. లెక్క చూస్తే రెండు హెక్టోపాస్కల్స్ పడిపోయింది. తుపానంత కాదు గానీ, వాతావరణం చెడిపోయే వైపు కదులుతోంది. గైడ్‌కి చెబితే, ఆయన అప్పటికే చుక్కలు మసకబారడం చూసి ఉన్నాడు. తల ఊపి, "మబ్బు పట్టేలోపు వచ్చేయాలి" అన్నాడు. వాచ్‌ను మళ్ళీ 3,430కి తిప్పి బయల్దేరాను.

తెల్లవారుజామున ఐదు దాటింది. నా స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. రాత్రి నుంచే తలనొప్పి ఉందట, చెప్పలేదు. రెండుసార్లు వాంతి అయింది. మా వెనక వస్తున్న అసిస్టెంట్ గైడ్, సాంక్రీ కుర్రాడు, పాతికేళ్ళు ఉండవు, ఆమె మొహం మీద టార్చి వేసి చూశాడు. నన్నడిగాడు. "దీదీ, వాచ్ ఎంత చూపిస్తోంది?"

"3,600."

"గంట క్రితం?"

"3,530."

నా స్నేహితురాలు మధ్యలో అందుకుంది. "ఇంకా 210 మీటర్లే కదే. కాలేజీ గ్రౌండ్ ఒక రౌండు కూడా కాదు. ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పెట్టి..."

210 మీటర్లు నేల మీద అయితే ఆమె మాట నిజమే. కానీ ఇది ఎత్తు. ఒక అంతస్తు మూడు మీటర్లు అనుకుంటే డెబ్బై అంతస్తుల బిల్డింగు, అదీ మంచులో, మెట్లు లేకుండా. మ్యాపు తెరిచి టార్చి వెలుగులో చూపించాను. శిఖరం కింద గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు ఉన్నాయి. గంటకు 70 మీటర్ల చొప్పున ఎక్కుతున్న మనిషికి ఇంకా మూడు గంటలు. ఆ నిటారులో అంతకంటే ఎక్కువే. మబ్బు మూడు గంటలు ఆగదు. తలనొప్పి, వాంతులు ఉన్న మనిషిని ఇంకా పైకి తీసుకెళ్ళకూడదన్నది కొండల్లో మొదటి నియమం. గాలి అప్పటికే సముద్ర తీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. తగ్గకపోతే కిందికి దించడమే మందు. మామూలుగా 300 నుంచి 1,000 మీటర్లు దిగితే తేలికపడతారు.

ఆ కుర్రాడు ఇంకేమీ అనలేదు. టార్చిని కిందికి తిప్పాడు. ముగ్గురం వెనక్కి తిరిగాం. మిగతా జట్టు పైకి వెళ్ళింది.

దిగుతుండగానే మబ్బు కమ్మేసింది. పది అడుగుల ముందు ఏముందో కనబడదు. ఆమె పది నిమిషాలకొకసారి "ఇంకెంత?" అని అడుగుతోంది. మామూలుగా అయితే "వచ్చేశాం, వచ్చేశాం" అని అబద్ధం చెబుతాం. నేను వాచ్ చూసి, "క్యాంపుకి తొంభై మీటర్లు", "నలభై", "పది" అని చెప్పగలిగాను. ఆ అంకెలు నిజమని తెలిసి ఆమె అడుగులో అడుగు వేసింది. దారి మాత్రం నాది కాదు, ఆ కుర్రాడిది. అతనికి ఆ కొండ కాళ్ళకే గుర్తు. నా మ్యాపు, నా వాచ్ అతను చెప్పిన మాటకు సాక్ష్యం పలికాయి, అంతవరకే. క్యాంపులో ఆగినా తలనొప్పి తగ్గలేదు. సరస్సు దాకా దిగిపోయాం. అంటే మొత్తం 830 మీటర్లు. మధ్యాహ్నానికి ఆమె లేచి కూర్చుని కిచిడీ అడిగింది. ఆ కిచిడీ గిన్నె ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

మర్నాడు సాంక్రీలో సిగ్నల్ దొరకగానే ఇంటికి ఫోన్ చేశాను. నాన్న అడిగారు. "ఎక్కేశావా తల్లీ?"

"లేదు నాన్నా. 210 మీటర్లు మిగిలిపోయింది."

"అయ్యో" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జరిగిందంతా విని, "సరే, ఆ అమ్మాయికి ఇప్పుడెలా ఉంది?" అన్నారు.

నాన్నని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన స్థానంలో నేనున్నా మొదట అదే అడుగుతానేమో. పిల్లల్ని దూరం పంపించిన పెద్దవాళ్ళందరి నోటా మొదట వచ్చే ప్రశ్న అది. అయితే ఆ ప్రశ్న కొండ మీద ఉన్న పిల్లలకు ముందే వినబడుతూ ఉంటుంది. నిరుడు మా పిల్లల్ని వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు ఒక రోజు నడకకు తీసుకెళ్ళాం. ఎనిమిదో తరగతి బాబు ఒకడు కాలు మెలికపడినా గంటసేపు ఎవరికీ చెప్పకుండా నడిచాడు. చివరికి బూటు విప్పి చూస్తే మడమ వాచిపోయి ఉంది. "ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగితే వాడన్న మాట, "డాడీ డబ్బులు కట్టారు కదా మేడమ్. మధ్యలో ఆగిపోతే వేస్ట్ అయిపోతాయి."

నా స్నేహితురాలు రాత్రంతా తలనొప్పి దాచింది కూడా సరిగ్గా ఇందుకే. ఆమెకు ఇరవై ఏడేళ్ళు, వాడికి పదమూడు. వాచ్ ఎంత ఖరీదైనదైనా, కాలు నొప్పిని, తలనొప్పిని అది చూపించదు. పిల్లలు నోరు తెరిచి చెప్పాలి. చెప్పే ధైర్యం ఇంటి నుంచి రావాలి.

మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకింకా పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ ఫోటో మన పిల్లలందరికీ తెలుసు. దానికి ముందు భువనగిరి గుట్ట మీద ఆమె తీసుకున్న శిక్షణ తెలిసినవాళ్ళు తక్కువ. తాడు పట్టడం, ఎక్కడం ఎంత నేర్చుకోవాలో దిగడం కూడా అంతే నేర్చుకోవాలి. మన క్యాంపులో శిఖరాలేమీ లేవు, చిన్న కొండలే. కానీ అలవాటు అక్కడే పడుతుంది.

క్యాంపు లోపల మీ ఇంట్లో చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను.

వాచ్ ఉన్నవాళ్ళు అపార్ట్‌మెంట్ లిఫ్టులో గ్రౌండ్ ఫ్లోర్ నుంచి పై అంతస్తు దాకా వెళ్ళి ఎన్ని మీటర్లు చూపించిందో రాయండి. అంతస్తుకి మూడు మీటర్ల చొప్పున లెక్కతో పోల్చండి. తర్వాత వాచ్‌ను రాత్రి టేబుల్ మీద పెట్టి పొద్దున్నే మళ్ళీ చూడమనండి. అంకె ఎందుకు మారిందో పిల్లల చేతే చెప్పించండి. కొన్ని ఫోన్లలో కూడా బారోమీటర్ ఉంటుంది, వాటితోనూ ఇది చేయొచ్చు.

వాచ్ లేనివాళ్ళు బాధపడక్కర్లేదు. తిరుమల కాలినడకన వెళ్ళే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. కింద తిరుపతి సుమారు 160 మీటర్లు, పైన కొండ సుమారు 850. అంటే దాదాపు 690 మీటర్లు. గంట గంటకీ ఎన్ని మెట్లు ఎక్కారో, ఎక్కడ ఆగారో పిల్లలతో రాయించండి. మొదటి గంటలో ఎక్కినన్ని రెండో గంటలో ఎక్కలేరని, మిగిలిన మెట్లను మిగిలిన ఓపికతో కొలవాలని వాళ్ళకే తెలుస్తుంది.

ఒక ఆదివారం మీకు తెలిసిన దారిలోనే, ఫోన్ మీ దగ్గర ఉంచుకుని, కాగితం మీద గీసిన మ్యాపుతో పిల్లల్ని ముందు నడవనివ్వండి. సందు దాటిపోతున్నా వెంటనే నోరు విప్పకండి. వాళ్ళే ఆగి, చుట్టూ చూసి, మ్యాపు తిప్పి చూసుకునేదాకా ఓపిక పట్టండి. మాకు క్లాసులో కష్టంగా ఉండేది కూడా ఇదే, ఆ నిమిషం నోరు మూసుకుని నిలబడటం.

ఇక క్యాంపుకి బ్యాగు సర్దేటప్పుడు పిల్లలతో ఒక మాట అనండి. "ఒంట్లో బాగోకపోతే వెంటనే మేడమ్‌కి చెప్పు. మధ్యలో తిరిగొచ్చేసినా మేమేమీ అనం." ఈ మాట మేము వందసార్లు చెబుతాం. కానీ మీరు ఒక్కసారి చెబితేనే వాళ్ళు నమ్ముతారు.

పిల్లలు చేసిన బకెట్ కాంటూర్ల ఫోటోలు క్లాస్ గ్రూపులో పెట్టండి. బాగున్నవన్నీ మా సోషల్ ల్యాబ్ గోడ మీద అంటిస్తాం.

మీ
సోషల్ టీచర్